రెండో అంతస్తు మెట్ల మీది ‘వస్తా’

“అదేం దయ్యమే అమ్మాయ్, మెట్లు దిగుతూ ‘వస్తా’ అంటుందట! ఎవరన్నా రావడానికి దిగుతారా, వెళ్ళడానికి దిగుతారా? ఆ మాత్రం ఆలోచించొద్దూ ఆ రాసినాయన? కదలకు, సంచీ గట్టిగా పట్టుకో.”

పట్టుకున్నాను. జిప్పుల పిన్ని నా సంచీకున్న పాత జిప్పు కుట్లను బ్లేడుతో తెంపుతోంది. ఆమె ప్యాంట్ల అంచులు మడిచి కుడుతుంది, దుప్పట్లకు అతుకులు వేస్తుంది, అయినా ఈ చుట్టుపక్కల అందరికీ ఆమె జిప్పుల పిన్నే. రెండో అంతస్తులో ఒంటి గది. కిటికీ పక్కన కుట్టుమిషను. పాదాలు ఆనిన చోట దాని ఇనుప పెడలు అరిగి నునుపు తేలింది. గోడ మేకులకు రంగురంగుల జిప్పులు వేలాడుతున్నాయి. బయట ముసురు పట్టి ఉండటంతో పట్టపగలే లైటు వేసుకుంది.

నేను పనిచేసే ప్రెస్సులోనే ‘మన వీధి దయ్యాలు’ అచ్చవుతుంది. నల్లటి అట్ట, ఎర్రటి అక్షరాలు, ఏ పేటకు ఆ పేట దయ్యం. నేను బడికి వెళ్ళే రోజుల నుంచీ భాగం తర్వాత భాగం వస్తూనే ఉంది. జనం ముందు విషయసూచిక తిరగేసి తమ వీధి ఉందో లేదో చూసుకుంటారు. లేకపోతే చిన్నబుచ్చుకుంటారు కూడా. పాత భాగాల్లో బాగా పేరొచ్చిన కథలు ఏరి ఇప్పుడు ఒకే పెద్ద పుస్తకంగా వేస్తున్నారు. ప్రూఫులు దిద్దేది నేను. అందులో మొదటి కథ పిన్ని చెల్లెలిది.

లారీ కింద పడి చనిపోయిన ఒక అమ్మాయి, వాన పడే రోజుల్లో ఈ మెట్లు దిగుతూ “వస్తా… వస్తా…” అంటుంది. పైనుంచి ఆమె అక్క “రా… రా…” అని పిలుస్తుంది. ఆ పిలుపు చెవిన పడ్డవాళ్ళు ఇక బతకరు. ఇదీ కథ.

“అసలేం జరిగిందో చెప్పనా?” అంది పిన్ని. “దానికి మందుల షాపులో ఉద్యోగం. ఓ చేత్తో జడేసుకుంటూ ఓ కాలితో చెప్పులు వెతుక్కునేది. నేను మిషను మీద ఉండేదాన్ని. మెట్ల దగ్గర్నుంచి ‘వస్తా అక్కా!’ అని కేకేసేది. ‘సరే, రా’ అనేదాన్ని. ఏ ఇంట్లోనైనా అంతేగా? బయటికెళ్ళేవాళ్ళని ‘పో’ అంటామా? ఆ రోజూ అదే. అది ‘వస్తా అక్కా’ అంది, నేను ‘రా’ అన్నాను. వీధి మలుపు దాటిందో లేదో…”

బ్లేడు ఆగింది.

“చాన్నాళ్ళకి ఆ పుస్తకాలాయన వచ్చాడు, బ్యాగు జిప్పు ఊడిందని. మంచివాడేలే. కూర్చుని అంతా విన్నాడు. ‘ఎవరైనా మెట్లు దిగుతూ వస్తా అంటే, ఇప్పటికీ అదేనేమో అనిపిస్తుందండీ’ అన్నాను. తలూపాడు. అర్థమైందనుకున్నా! దయ్యాలు వెతుక్కుంటూ బయల్దేరినవాడికి ఇంకేం వినపడుతుంది? ‘అక్కా’ తీసేశాడు. మిగిలినదానికి చుక్కలు పెట్టాడు.”

“చుక్కలు మరీ ఎక్కువ పెట్టారు పిన్నీ. సగం నేను కొట్టేశాను.”

“మహా చేశావులే!” అని నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

అంతలో కింది వాటా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. లోపల అడుగు పెట్టకుండానే చెయ్యి చాపి తన భర్త ప్యాంటు అందుకుంది.

“ఈసారి పొట్ట దగ్గర కాస్త వదులు చేశాను. ఇంకా పెరిగితే నా వల్ల కాదని చెప్పు,” అంది పిన్ని.

“చెప్తాను పిన్నిగారూ. మరి వె…” అని ఆవిడ నాలుక కరుచుకుంది. వెళ్తా అనడం బాగోదు. రెండో మాట నోటిదాకా వచ్చి ఉంటుంది, దాన్నీ మింగేసింది. ఊరికే తలాడించి గబగబా దిగిపోయింది.

“చూశావా? ఈ మేడ మొత్తం ఇంతే,” అంది పిన్ని. “బడి పిల్లలు గుంపుగా ఎక్కొచ్చి, తలుపు దగ్గర ‘వస్తా!’ అని అరిచి పారిపోతారు. వాళ్ళతో బాధ లేదు, నేనే పెద్ద దయ్యాన్ని వాళ్ళకి. ఈ పెద్దవాళ్ళే… నేనూ ‘రా’ అనడం మానేశానమ్మా. అంటే గుండాగి చస్తారేమో.”

నేను వచ్చిన పని ఇక చెప్పక తప్పలేదు. “ఎడిటరు గారు మిమ్మల్ని అడిగి రమ్మన్నారు. ఇంటివాళ్ళకి ఇష్టం లేకపోతే కథ తీసేస్తారట. సాయంత్రానికి పుస్తకం అచ్చుకెళ్తుంది.”

“తీసేస్తే?”

“ఇక ఎక్కడా ఉండదు. పాత భాగాలు దొరకడం లేదు.”

పిన్ని కొత్త జిప్పును సంచీ అంచుకు ఆనించి మిషను తొక్కసాగింది. కుట్టు చివరిదాకా వచ్చాకే మాట్లాడింది.

“దాని ఫొటో ఒక్కటీ లేదు. ఓసారి వానకి కప్పు కారి, పెట్టెలో ఉన్నవన్నీ ముద్దయిపోయాయి. ఆ మందుల షాపూ ఎత్తేశారు. నేను కూడా పోతే అదొకతి ఉండేదని చెప్పేవాళ్ళెవరు? పుస్తకంలో ఉంది. దయ్యమో గియ్యమో, ఉంది.”

“అయితే ఉంచమని చెప్పనా?”

“జనం దాన్ని చూసి భయపడుతున్నారే! బొద్దింకని చూస్తే మంచమెక్కి కూర్చునేది అది. అక్కా చంపు, అక్కా చంపు అని ఒకటే గోల.” దారం కొరికి తుంచింది. “ఉంచమను. కానీ ఆ ‘అక్కా’ పెట్టమను.”

“అది పెడితే ఇంక భయమేముంటుంది పిన్నీ? ఇంట్లోంచి బయల్దేరుతున్న పిల్ల మాటైపోతుంది. భయం లేకపోతే వాళ్ళే తీసేస్తారు.”

ఆమె జిప్పు రన్నరును ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకసారి లాగి చూసింది.

“తీసేస్తే తీసెయ్యనీ,” అంది చివరికి. “అది నాకు చెప్పిన మాట. ఊళ్ళోవాళ్ళ మీదికి తోలడమెందుకు?”

సంచీ నా ఒళ్ళో పెట్టింది.

“ఆ ప్రూఫు కాగితాలు లోపల పెట్టుకుని జిప్పు పూర్తిగా మూసుకో, తడుస్తాయి. ఇక లే. ఆలస్యమైతే అచ్చుకెళ్ళిపోతుందన్నావుగా. ఎవరితోనూ పోట్లాడొద్దు. ‘వస్తా’ పక్కన ‘అక్కా’ రాయి, మిగిలిన ఆ చుక్కలు కూడా కొట్టెయ్యి. ఉంచుతారో తీసేస్తారో తర్వాత సంగతి. నువ్వు మాత్రం రాసిపెట్టమ్మా.”