మేకుల బల్ల

సవరయ్య ఎడంచేతి వేళ్ళ మధ్య మేకు నిలబెట్టి సుత్తితో చిన్నగా తాటించాడు. మేకు నిలబడింది. రెండో దెబ్బకి సగం దిగింది. అలవాటు మీద మూడో దెబ్బకి సుత్తి ఎత్తి, గాల్లోనే ఆపేశాడు. ఈ మేకు పూర్తిగా దిగకూడదు. గోలీ తగిలి పక్కకి తప్పుకునేంత ఎత్తు పైకి ఉండాలి. ఎన్నో ఏళ్ళుగా మామిడికాయల పెట్టెలకి మేకు తల చెక్కలో కలిసిపోయేదాకా కొట్టిన చెయ్యి, మధ్యలో ఆగమంటే తిమ్మిరెక్కినట్టు అవుతోంది.

నోట్లో మరికొన్ని మేకులు పట్టుకుని ఉన్నాడు కాబట్టి మాట్లాడే పని లేదు. మాట్లాడేదంతా పక్కన నిలబడ్డ టీచరుగారే.

"గోలీ పైనుంచి వదిలితే మేకులకి తగులుకుంటూ వచ్చి కింద ఏదో ఒక గుంటలో పడాలి సవరయ్యా. ఏ గుంటలో పడుతుందో నీకూ తెలియకూడదు, నాకూ తెలియకూడదు. అప్పుడే పిల్లలు కళ్ళప్పగించి చూస్తారు."

సవరయ్య తల ఊపాడు.

ఆవిడ పేరు జ్ఞానప్రసూనాంబ. ఊళ్ళో అంత పేరు పలికే ఓపిక ఎవరికీ లేక ప్రసూనమ్మ టీచరు అంటారు. రోజూ నూజివీడు నుంచి పొద్దుటి బస్సులో చాట్రాయి దారిలో ఉన్న ఈ ఊరికి వచ్చి, మూడు తరగతులకి ఒకే గదిలో పాఠం చెబుతుంది. ఎండాకాలం ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే ఆవిడకి గుండెల్లో రాయి పడుతుంది. పచ్చడికాయ కోతలు కూడా అప్పుడే మొదలు. పిల్లలు ఒక్కొక్కళ్ళే పలకలు ఇంట్లో పడేసి, కాయ పెట్టెలకెత్తే యార్డుకి పోతారు. కాయ ఏరడానికి, పెట్టెల్లో వరిగడ్డి పరవడానికి చిన్న చేతులు బాగా పనికొస్తాయి. సవరయ్య కూతురు మార్తమ్మ కూడా అలాగే పోయింది. మూడో తరగతి. కూడికలు అడిగితే గోడకేసి చూసేది. గోడకేసి చూస్తే టీచరుకి కోపం, టీచరుకి కోపమొస్తే పిల్లకి ఏడుపు. ఒకనాడు ఇక వెళ్ళనంది.

తిరనాళ్ళలో మేకుల బల్ల దగ్గర మూగిన పిల్లల్లో ఆ మార్తమ్మనే చూసింది టీచరు. ఎవడో ఆడుతుంటే వాడి గోలీలు పడ్డ అంకెల మొత్తాన్ని ఈ పిల్ల వెనకనుంచి గట్టిగా చెప్పేస్తోంది. ఒక్కటీ తప్పు పోలేదు. మర్నాడే టీచరు సవరయ్య ఇంటి ముందు నిలబడింది.

"అలాంటి బల్లే చెయ్యి. తిరనాళ్ళలోలా డబ్బుల పందెం ఉండదు. రెండు జట్లు. గుంట మీద అంకె ఎంతో, వెనకటి మొత్తానికి కలపాలి. తప్పు చెప్పిన జట్టు గోలీ అవతలి జట్టుకి పోతుంది. ఆట ఉందంటే నీ కూతురు రేపే వస్తుంది, చూడు."

అలాగే వచ్చింది కూడా. బల్ల బడికి వెళ్ళిన రోజు మార్తమ్మ ఇంటికొచ్చి అన్నం తింటూనే కూడికలు అప్పగించింది. మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చారు. ఆ తర్వాత యార్డులో గడ్డి పరిచే పిల్లలు కొందరు మాయమయ్యారు. యార్డు షావుకారు నరసింహం సవరయ్యని పట్టుకుని, "ఏరా, నా పెట్టెలు కొట్టరా అంటే నా కూలోళ్ళని బళ్ళోకి తోలే యంత్రం చేశావటగా!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, సవరయ్యకి ఆ నవ్వు ఒంటికి పట్టలేదు.

సవరయ్యకి పని నేర్పినవాళ్ళు లేరు. తండ్రి తోట కాపలాదారు. చిన్నప్పుడు లారీ మీదనుంచి పడి పగిలిన పెట్టె ఒకటి దొరికితే, మేకు మేకు పీకి, చెక్క చెక్క విడదీసి, మళ్ళీ బిగించి చూసుకున్నాడు. అదే చదువు. కాపు తగ్గిన మామిడిచెట్లు కొట్టి, కోత మిల్లులో పలకలు తీయించి, ఆ పచ్చిచెక్కతోనే పెట్టెలు కొడతారు. పచ్చిచెక్క మేకుని చీలకుండా మింగుతుంది. పని తొందరగా అవుతుంది. ఆ పెట్టెల్లో కాయ హనుమాన్ జంక్షన్ మీదుగా కలకత్తా పోతుంది. అక్కడ పెట్టె విప్పి, కాయ తీసుకుని, చెక్క పొయ్యిలో పెట్టుకుంటారట. సవరయ్య చేసిన పెట్టె ఒక్కటి కూడా తిరిగొచ్చి అతని ఎదట నిలబడి నువ్వు ఇక్కడ తప్పు చేశావని చెప్పింది లేదు.

బల్ల తిరిగొచ్చింది.

శనివారం బడి వదిలాక టీచరే దాన్ని ఇద్దరు పిల్లల చేత మోయించుకుని వచ్చింది. ఎండకి ఆవిడ మొహం కందిపోయింది.

"ఒకసారి గోలీ వదిలి చూడు."

వదిలాడు. గోలీ రెండు మేకులకి తగిలి, ఏదో పని ఉన్నట్టు తిన్నగా ఎడమవైపు మూల గుంటలోకి పోయింది. ఏడు. ఇంకోటి వదిలాడు. ఏడు. మధ్యనుంచి వదిలాడు, కుడి అంచునుంచి వదిలాడు. తిరిగి తిరిగి ఏడే.

"మొన్నటినుంచీ ఇంతే. ఏడు, ఏడు అని ముందే అరిచేస్తున్నారు. లెక్క ఎవరు చేస్తారింక? నిన్న ఇద్దరు మానేశారు." ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుంది. "సోమవారం ఇనస్పెక్టరుగారు వస్తున్నారు. బడిలో తిరనాళ్ళ ఆట ఆడిస్తున్నానని ఎవరో ఆయన చెవిన వేశారు. ఆయన ఎదట ఇది ఇలా ఆడిందంటే ఆ రోజుతో సరి. తీసి అవతల పారేయమంటారు. పిల్లలు మళ్ళీ యార్డుకే."

మార్తమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. "నాన్నా, ఆట తీసేస్తే నేను బడికి పోను," అంది. బెదిరింపు కాదు. రేపు అన్నం వండరట అన్నట్టు చెప్పింది.

సవరయ్య బల్లని పడుకోబెట్టి, అంచు మీద కన్ను ఆనించి చూశాడు. చెక్క ఒక మూల లేచి, ఒక మూల కుంగి, ఎండకి వేసిన అప్పడంలా మెలి తిరిగి ఉంది.  పచ్చి మామిడిచెక్క. చేతికి తెలిసిన చెక్క అదొక్కటే కాబట్టి ఆలోచించకుండా అదే తీశాడు. కలకత్తా చేరేదాకా నిలిస్తే చాలనే చెక్కని ఏళ్ళ తరబడి ఉండాల్సిన పనికి పెట్టాడు.

"బాగవుతుందా?" అంది టీచరు.

"చూస్తానండి," అన్నాడు. అంతకన్నా ఏం చెప్పినా అబద్ధమవుతుంది.

ఆ సాయంత్రం బల్ల వెనక తడిగుడ్డ పరిచి, పైన బరువైన రాళ్ళు పెట్టాడు. పొద్దున తీసి చూస్తే చదునుగానే కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. తడి ఆరేసరికి కళ్ళముందే మళ్ళీ మూల లేచింది. ఆ మూల కింద చెక్కముక్క పెట్టాడు. ఈసారి గోలీలన్నీ కుడివైపుకి పోయాయి. నాలుగు, నాలుగు, నాలుగు.

భార్య లేయా చర్చికి బయలుదేరుతూ గుమ్మంలో ఆగింది. "రావా?"

"నువ్వు పో."

"ఆదివారం సుత్తి మోగితే ఊరంతా నన్నడుగుతారయ్యా."

"మోగితే కదా," అన్నాడు సవరయ్య విసురుగా. "మోగించడానికి చెక్క ఏదీ?"

ఎండిన చెక్క కావాలి. చాలా ఏళ్ళు ఎండిన చెక్క. ఎవరిని అడగాలి? విస్సన్నపేట వెళ్తే దొరకొచ్చు, కానీ ఆదివారం కొట్లు తెరవరు. ఎవరి ఇంటి తలుపు పీకుతాడు? ఒక పెట్టెపలక తీసి చూశాడు, పచ్చిది. ఇంకోటి తీశాడు, నిన్న మిల్లునుంచి వచ్చింది, వేలితో నొక్కితే చెమ్మ. ఇల్లంతా చెక్కే. పనికొచ్చేది జానెడు లేదు. దూరంగా ఏ మోటారుసైకిలు చప్పుడు విన్నా ఇనస్పెక్టరు ఒక రోజు ముందే వచ్చేశాడేమోనని తల తిప్పుతున్నాడు.

కాళ్ళు పీకి కూర్చున్నాడు. కూర్చున్నది అచ్చుబల్ల మీద.

అచ్చుబల్ల అంటే అతను పెట్టెలు కొట్టే బల్ల. మందపాటి పనస చెక్క. లేయా పుట్టింట్లో పాత అటక విప్పినప్పుడు ఆవిడ తండ్రి ఇచ్చాడు. దాని మీద కొలతకి సరిగ్గా నాలుగు దిమ్మలు కొట్టి పెట్టుకున్నాడు. పలకలు దిమ్మల మధ్య పడేస్తే చాలు, కొలవక్కర్లేదు, చూడక్కర్లేదు, పెట్టె దానంతటదే సమానంగా వస్తుంది. అది లేకపోతే ప్రతి పలకా కొలిచి కొట్టాలి. రేపు నరసింహం లారీ ఉంది. పెట్టెలు ఇంకా సగమే అయ్యాయి.

లేచి అచ్చుబల్లని తిరగేశాడు. పైవైపు సుత్తిదెబ్బలతో గుంటలు పడి ఉంది. కిందవైపు మాత్రం ఒక్క దెబ్బ పడలేదు. అంచుకి కన్ను ఆనించి చూశాడు. నీళ్ళు పోస్తే ఎటు పోవాలో తెలియక నిలబడేటంత చదును.

కిందవైపు అరచేత్తో ఒకసారి నిమిరాడు. తర్వాత దిమ్మలు ఊడదీశాడు.

లేయా తిరిగొచ్చేసరికి చిత్రిక పడుతున్నాడు. పసుప్పచ్చటి పొట్టు చుట్టలు చుట్టలుగా కాళ్ళ చుట్టూ పడి ఉంది. ఆవిడ ఊడిపడ్డ దిమ్మల్ని చూసింది. మొగుడి మొహం చూసింది. "మా నాన్న చూస్తే ఏడుస్తాడు," అని, మళ్ళీ తనే, "లేకపోతే నవ్వుతాడేమో," అంటూ లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.

పనస చెక్క మామిడిలా మేకుని మింగదు. మొదటి మేకు వంగిపోయింది. రెండోది కొడితే సన్నగా చిట్లిన చప్పుడు. సవరయ్య వంగి చూశాడు. గీతలా పగులు, వెంట్రుకంత. అక్కడితో ఆగింది. ఇక తొందర పనికిరాదని బరమా తీసి ప్రతి మేకుకీ ముందు సన్నంగా బెజ్జం పెట్టడం మొదలెట్టాడు. చేయి తెలియని చెక్క కాబట్టి ప్రతి బెజ్జానికీ భయమే. గుంటలు ఉలితో తవ్వి, నున్నగా రుద్ది, కాల్చిన మేకుతో అంకెలు వేశాడు. పొద్దుగూకేసరికి ఇంకా రెండు వరసల మేకులు మిగిలే ఉన్నాయి.

సోమవారం పొద్దున అవి కొడుతుండగా నరసింహం మనిషి వచ్చాడు. "పెట్టెలేవీ? షావుకారు అరుస్తున్నాడు."

"మధ్యాన్నానికి."

"అచ్చుబల్లేదీ?"

సవరయ్య చేతిలో ఉన్నదాన్ని చూపించాడు. వచ్చినవాడు తల కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

బడి దగ్గరికి వచ్చేసరికి గోడ పక్కన మోటారుసైకిలు నిలబడి ఉంది. సవరయ్య నెత్తి మీద బల్లతో వసారాలో ఆగిపోయాడు.  ఇనస్పెక్టరు ఎవరినో కూడిక అడుగుతున్నాడు.  కిటికీలోంచి చూస్తే మార్తమ్మ నిలబడి గోడకేసి చూస్తోంది.

"లోపలికి రా సవరయ్యా," అంది టీచరు. 

ఇనస్పెక్టరు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఇదేనా ఆ తిరనాళ్ళ సరుకు?"

"ఒక్క ఆట చూడండి. తర్వాత మీరేం చెప్తే అదే," అంది టీచరు.

సవరయ్య బల్లని టేబుల్ మీద పెట్టి, తల వైపు ఇటుక ఎత్తు పెట్టి, గోలీల సంచి విప్పాడు. అలవాటు కొద్దీ రెండు వదిలి చూశాడు. రెండూ ఎడమ మూలకే పోయాయి. ఏడు.

"ఏడే!" అన్నాడు వెనకనుంచి ఎవడో. పిల్లలు కిసుక్కున నవ్వారు. టీచరు కళ్ళు మూసుకుంది.

 బల్ల బాగానే ఉందే? పొద్దున ఇంటిదగ్గర వదిలిన గోలీలు ఒక్కచోట పడలేదే? టేబుల్ అంచు పట్టుకుని కదిపి చూశాడు. టక్కుమంది. ఒక కాలు పొట్టి. జేబులో పనస చెక్క పేడు ఉంటే వంగి ఆ కాలు కింద దూర్చి, మళ్ళీ కదిపాడు. చప్పుడు లేదు.

"ఇప్పుడు వెయ్యండమ్మా."

గోలీ టకటకమంటూ దిగి మధ్య గుంటలో పడింది. తర్వాతది కుడి చివర. ఇంకోటి పడబోయి, అంచు మీద తిరిగి, పక్క గుంటలోకి జారింది. పిల్లలు బెంచీలు వదిలి వచ్చేశారు. "పంతొమ్మిది!" "కాదెహె, ఇరవై ఒకటి!" "నీ మొహం, వెనకటి ఎనిమిది కలిపావా?"

"ఇరవై ఏడు," అంది మార్తమ్మ. గోడకేసి చూడలేదు. గోలీలకేసి చూస్తోంది.

అవతలి జట్టు తలలు కలిపి లెక్కేసుకుని ఒప్పుకుంది. ఇనస్పెక్టరు కూడా వేళ్ళు ముడుస్తూ కలుపుకోవడం సవరయ్య చూశాడు.

"డబ్బు పందెం ఏమీ లేదు కదా?" అన్నాడాయన.

"తప్పు చెబితే గోలీ పోతుందండి. అంతే," అంది టీచరు.

ఆయన ఒక గోలీ తీసుకుని, కాసేపు గురి చూసి వదిలాడు. రెండు వచ్చింది. గట్టిగా నవ్విన పిల్లల్ని ఆయన ఏమీ అనలేదు. "లెక్కల గంటలో మాత్రమే. పరీక్షల దాకా ఆడించండి, మార్కులు చూసి మాట్లాడదాం," అని పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

సవరయ్యకి అప్పుడు నరసింహం పెట్టెలు గుర్తొచ్చాయి. తువ్వాలుతో మొహం తుడుచుకుని, గోలీల సంచి టీచరు చేతిలో పెట్టాడు.

"ఎండలో పెట్టకండమ్మా. గోడకి జారేసి ఉంచకండి, పడుకోబెట్టే ఉంచండి. మేకు వదులైతే కబురు పంపండి, మీరు కొట్టకండి, చిట్లుద్ది. టేబుల్ కింద పేడు మాత్రం తియ్యనివ్వకండి."

"తియ్యనివ్వను," అంది ప్రసూనమ్మ టీచరు, సంచి రెండు చేతులా పట్టుకుని.