ముళ్ల చేప గుడ్లు

నేను నెల్లూరులో కెమిస్ట్రీ లెక్చరర్‌గా ఉన్నప్పుడు మా కాలేజీలో కెమిస్ట్రీ గదికీ జువాలజీ గదికీ మధ్య ఒక తలుపుండేది. దానికెప్పుడూ తాళమే. సీసాలు మావి, కప్పలు వాళ్లవి, ఒకరి పొడ ఒకరికి గిట్టదు. ఆ తాళం తీయించినవాడు రెండు గదులూ ఊడ్చే అటెండరు చిన్నపోలయ్య.

విడవలూరు దగ్గర సముద్రం ఒడ్డున వాళ్ల పల్లె. 1958లో అతని భార్య నాగులమ్మ ఒక్క పూటలో చనిపోయింది. ఆ రోజు వలలో ఇంకేమీ పడక, పొట్ట ఉబ్బించే ముళ్ల చేపను ఇంటికి తెచ్చాడు. విషమంతా తోలులోనే ఉంటుందని, అది వలిచి బాగా ఉడికిస్తే భయం లేదని వాళ్ల నమ్మకం. తల్లి అంకాలమ్మ అలాగే వండింది. చిన్నపోలయ్య తిని పడవ దగ్గరికి వెళ్లాక అత్తాకోడళ్లు తిన్నారు. కాసేపటికి కోడలికి పెదాలు తిమ్మిరెక్కి, కాళ్లూ చేతులూ చచ్చుబడి, ఊపిరి ఆగిపోయింది. ముందురోజే అత్తాకోడళ్లు పోట్లాడుకున్నారు. ఇంకేం, నరం లేని నాలుకలు! ఒకే కుండలో కూర తిని ఒక్కతే ఎలా పోతుందని ఊరు అడిగింది. చిన్నపోలయ్య అనుమానం తీరక, తల్లిని వదిలేసి నెల్లూరు చేరాడు.

ఆరేళ్ల తర్వాత ఒక రోజు నా బల్ల మీద అదే జాతి చేపను పెట్టాడు.

"మాయమ్మ చంపిందో, ఈ చేప చంపిందో మీరే తేల్చాల సార్" అన్నాడు.

నాకు చేప కోయడం రాదు. సిగ్గు చంపుకుని ఆ తలుపు తట్టాను. జువాలజీ లెక్చరర్ కరుణాకుమారి గారు కండ, గుడ్లు వేరుచేసి ఇచ్చారు. నేను రెంటినీ విడివిడిగా రెండు గంటలు మరిగించి వడగట్టాను. ఆ రెండు రకాల నీళ్లనూ ఆమె సూదితో చెరో కప్పకు ఎక్కించారు. కండ నీళ్లు ఎక్కినది గెంతుతూనే ఉంది. గుడ్ల నీళ్లు ఎక్కినది ఐదు నిమిషాల్లో తడిగుడ్డలా వాలిపోయింది. అంతసేపు ఉడికినా విషం చావలేదు! రసాయనాలంటే సీసాల్లో ఉండేవేనని పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఒక చేప పొట్టలో ఇంత ఘోరం ఉంటుందా అని ఆ కప్పను తిప్పి తిప్పి చూశాను. చిన్నపోలయ్య గోడకు చేరగిలబడి ఏడ్చాడు.

ఆ శనివారమే అతనితో పల్లెకు వెళ్లాను. గుడిసెలోకి అడుగుపెడుతూనే అతను తల్లి కాళ్ల మీద పడ్డాడు.

"నువ్వు చంపలా అమ్మా, నువ్వు కాదు!"

"నేను చంపలేదని నాకు తెలీదా అబ్బయా?" అంది అంకాలమ్మ తలెత్తి. "ఊరు వాగితే నిజమైపోతుందా?"

నేనూరుకుంటేగా! కేసు గెలిచిన ప్లీడరులా ముందుకొచ్చి, విషం గుడ్లలోనే ఉందనీ, కండ తిన్నవాళ్లకు అందుకే ఏమీ కాలేదనీ పూసగుచ్చినట్టు చెప్పాను.

ఆమె ముఖంలో నెత్తురు లేదు.

"గుడ్లలోనా సామీ?" అంది. "పోట్లాడినాను గదా, అది అలిగి కూసోనుంటే గుడ్లన్నీ వేరే చట్టిలో ఉడకేసి దానికే పెట్టినాను. వొద్దత్తా అంటావున్నా బతిమాలి తినిపించినాను."

ఆరేళ్లు ఊరంతా చెప్పినా ఆమె నమ్మలేదు. నా మాట నమ్మింది.