దుక్మ్‌కు వెళ్ళారా అని అడిగిన రోజు

మస్కట్‌లో నేను ఒక సర్కారు ఆఫీసులో డ్రైవర్‌ని. పరాయి దేశంలో పనిచేసే మనవాళ్ళ బాగోగులు చూడటానికి ఢిల్లీ పెట్టిన చిన్న ఆఫీసు అది. అక్కడి పెద్దాఫీసరు ఉత్తరాది మనిషి. నన్ను ఏనాడూ కసురుకోలేదు. కానీ ఆయన్ని కలవడానికి బయట బెంచీల మీద పడిగాపులు పడే మనుషుల్ని చూసి చూసి, ఆయన పైన దేవుడు తప్ప ఇంకెవరూ ఉండరనుకునేవాణ్ణి.

ఒకసారి పార్లమెంటు కమిటీ వచ్చింది. అందులో ఒక తెలుగు ఎంపీని విమానాశ్రయం నుంచి హోటల్‌కు తీసుకెళ్ళే డ్యూటీ నాకు పడింది. నా యాస విని ఆమె నవ్వింది.

"ఏ ఊరు బాబూ?"

"జగిత్యాల దిక్కు మేడమ్."

"ఇక్కడ మనవాళ్ళు ఎక్కువ ఎక్కడుంటారు?"

"గీ ఊరి పక్కనే అమెరాత్‌ల ఉంటరు. దుక్మ్‌ల అయితే కంపెనీ క్యాంపులు మస్తున్నయ్. అది శాన దూరం, ఎడారిల."

"మీ సార్‌ని నెలనెలా తీసుకెళ్తావుగా. ఆ దారి అలవాటైపోయి ఉంటుంది."

"నేనా? సార్ బండి నేనే తోల్త మేడమ్. దుక్మ్ ఒక్కసారి గూడ పోలే."

ఆమె బ్యాగులోంచి ఏవో కాగితాలు తీసి తిరగేసింది. నేను ఆ సంగతి అంతటితో మరిచిపోయాను.

మర్నాడు హోటల్ హాల్లో మీటింగ్. ఆమె కళ్ళజోడు కారులో మరిచిపోతే ఇవ్వడానికి లోపలికి వెళ్ళాను. పొడుగాటి బల్లకు ఒక పక్క ఎంపీలు, ఎదురుగా మా సార్.

"దుక్మ్ క్యాంపులు ప్రతినెలా చూస్తున్నామని పోయినసారి మాకు రాసి పంపారు. చివరిసారి ఏ క్యాంపు చూశారు? ఎవరితో మాట్లాడారు?" ఆమె హిందీలో అడుగుతోంది.

నేను తలుపు దగ్గరే ఆగాను. మా సార్ నీళ్ళు తాగారు. సిబ్బంది తక్కువన్నారు, దూరమన్నారు. కమిటీ పెద్దాయన చెయ్యెత్తి ఆపారు.

"మీ శాఖకు డబ్బు మంజూరు చేసేది సభ. పని జరిగిందా అని అడిగేదీ సభే. వెళ్ళారా, లేదా?"

"వెళ్ళలేదు సర్."

ఆ గొంతు మా సార్‌దంటే నమ్మలేకపోయాను. ఆయన్ని నిలదీసేవాళ్ళు ఉన్నారు! అంతకంటే వింత, కారులో నేను అన్న ఒక్క ముక్క ఇక్కడిదాకా వచ్చింది! నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆమె మాత్రం నన్నెప్పుడూ చూడనట్టే కళ్ళజోడు అందుకుంది.

కమిటీ వెళ్ళిపోయిన మరుసటి ఉదయం సార్ కారెక్కి "దుక్మ్" అన్నారు, అంతే. ఇసుకలో చాలా దూరం పోయాక అడిగారు.

"నువ్వే చెప్పావా?"

"అడిగితే చెప్పాను సార్."

"ఊఁ" అని కిటికీ వైపు తిరిగిపోయారు.

క్యాంపులో రూముల మధ్య నడుస్తుంటే, చేతికి తువ్వాలు చుట్టుకున్న ఒకతను నా దగ్గరికొచ్చాడు. అతనిది మా పక్క జిల్లాయే.

"గీ సారెవలన్నా?"

చెప్పాను. అతను నోరు తెరిచాడు.

"మనకోసం గసొంటి ఆఫీసున్నదా?"

ఏమన్నాడని సార్ అడిగారు. దాచకుండా చెప్పాను.  సార్ ఆ తువ్వాలు తనే విప్పారు. సైట్‌లో ఇనుప చువ్వల కింద నలిగిన చెయ్యి, ఉబ్బి నల్లబడి ఉంది. క్యాంపులో ఇచ్చిన మాత్రలు తప్ప మరే వైద్యం జరగలేదట. సార్ అక్కడే నిలబడి కంపెనీ మేనేజర్‌కి ఫోన్ చేశారు, అరిచారు. ఆయన అరవగా నేను వినడం అదే మొదటిసారి. అతన్ని మా కారులోనే మస్కట్ ఆసుపత్రికి తీసుకొచ్చాం.

ఆ తర్వాత బదిలీ అయ్యేదాకా సార్ ఏ నెలా దుక్మ్ మానలేదు. అతని చెయ్యి నిలిచింది గానీ రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. కొంచెం ముందు తెచ్చి ఉంటే అవీ దక్కేవని డాక్టర్ చెప్పినప్పుడు మా సార్ నా పక్కనే ఉన్నారు.