కింది గుండీ

మంత్రిగారు చొక్కా గుండీలు కిందినుంచి పైకి పెట్టుకుంటారు. కింద తప్పకపోతే పైన తప్పదని ఆయన నమ్మకం. ఇస్త్రీ తనే చేసుకుంటారు, చెప్పులు తనే తుడుచుకుంటారు, సిఫారసు మాత్రం ఎవరికీ చెయ్యరు. సొంత బావమరిది బదిలీ కోసం వస్తే మంచినీళ్లిచ్చి పంపేశారు. "మా బావ ఎండిన బావి, ఎంత తోడినా చేంతాడే పైకొస్తుంది" అని ఆ బావమరిది ఇప్పటికీ నవ్విస్తుంటాడు.

ఆ ఉదయం సగం గుండీలు పెట్టుకునేసరికి సరిహద్దు నుంచి కొడుకు ఫోన్ చేస్తే స్పీకర్లో పెట్టారు. "నాన్నా, మా దళమంతా రేపు ముందుకెళ్తోంది. నన్నొక్కణ్ణే ఆఫీసు పనికి వెనక్కి వేశారు. మీరు చెప్పారా?" "లేదురా." "అయితే సరిచెయ్యండి" అని పెట్టేశాడు. ఎదురుగా ఉన్న కార్యదర్శి తల దించుకున్నాడు. "అమ్మగారి దిగులు చూడలేక, మీ పేరు చెప్పి నేనే ఓ మాట అక్కడి అధికారుల చెవిన వేశానండీ." మంత్రిగారు భార్యవైపు చూశారు. "ఇలా దాచుకుంటే, దక్కినా వాడు మన మొహం చూడడండీ. చెయ్యండి ఫోన్" అంది. ఆయన ఆ దళం పై అధికారికి ఫోన్ చేసి, "నా పేరుతో వచ్చిన మాట నాది కాదు. మావాణ్ణి తనవాళ్లతోనే పంపండి. దీన్ని నా సిఫారసే అనుకోండి" అన్నారు. గొంతు వణకలేదు. మిగతా గుండీలు పెట్టుకున్నాక చూస్తే పైన ఒక కాజా ఖాళీగా మిగిలింది. భార్య దగ్గరికొచ్చి గుండీలన్నీ విప్పింది.

"ఉండండి, కిందినుంచి మళ్లీ పెడదాం."