బస్సులో బొగ్గు పుస్తకం

మహారాష్ట్రలోని చంద్రపూర్ వైపు తెలుగు పిల్లలకు తెలుగు పుస్తకాలంటే ఆసక్తి లేదని నేను చాలామందితో అన్నాను. అది అసూయతో అన్న మాట. అసలు జరిగింది చెప్తాను.

చంద్రపూర్ నుంచి భద్రావతి వెళ్లే బస్సులో నా పక్కన ఒక తల్లి, ఎనిమిదేళ్ల కూతురు కూర్చున్నారు. తల్లి పులుల గురించిన మరాఠీ పుస్తకం చూస్తూ, ఎక్కడా తడుముకోకుండా తెలుగులో చెప్తోంది. వాళ్లింట్లో పుస్తకం చదివే పద్ధతే అదట. పాప నోరు తెరుచుకుని వింటోంది. ఎవరో రాసిన ఆ పుస్తకాన్ని చూసి నాకు కడుపు మండింది. నేనూ పిల్లల కోసం విజ్ఞాన పుస్తకాలు రాస్తాను. బొగ్గు మీద నేను రాసినది సంచిలోంచి తీసి ఇచ్చాను.

"మాకు తెలుగు మాట్లాడుడే వస్తది సార్, చదువుడు రాదు. మీరే చదువుండ్రి," అంది తల్లి.

గొంతు సవరించుకుని చదివాను. "కోట్ల సంవత్సరాల క్రితం వృక్షావశేషాలు భూగర్భంలో నిక్షిప్తమై బొగ్గుగా రూపాంతరం చెందాయి."

"అమ్మా, ఈ అంకుల్ ఏమంటుండు?" అంది పాప.

తల్లి నవ్వు ఆపుకుంది. "మస్తు ఏండ్ల కింద చెట్లు గూలి బురదల మునిగినయ్ బిడ్డా. మీద మట్టి వడి వడి, అదుముకపోయి బొగ్గయినయ్. మీ నాయిన గనిల తవ్వేది గదే."

పాప నా పుస్తకాన్ని ఒళ్లోకి లాక్కుంది. బొమ్మలో కూలిన చెట్టు మీద వేలు పెట్టి, "మల్ల ఏమైంది?" అని వాళ్లమ్మను అడిగింది.

చదవమన్నట్టు తల్లి నావైపు చూసింది. తర్వాతి వాక్యం ఇంకా పొడుగ్గా ఉంది.