కేసును మాపే పెళ్లి

అటార్నీ ఫ్లోర్దెలిజా పాల్మారెస్, అందరికీ ఫ్లోర్, ప్రభుత్వ జీతం మీద పేదవాళ్ల తరఫున వాదించే వకీలు. పనాయ్ దీవి పడమటి తీరంలోని ఆ చిన్న కోర్టుకు వచ్చే దొంగలూ, తాగి కత్తి దూసినవాళ్లూ, ఏ పాపమూ ఎరగనివాళ్లూ అందరూ ఆమె బల్ల ముందే కూర్చునేవారు. "ఇలాంటివాళ్ల కోసం ఎలా వాదిస్తావక్కా?" అని చెల్లెలు అడిగితే, "నేను వాదించకపోతే జడ్జి ఒక వైపు మాటే వింటాడు. రేపు నీ కొడుకునే పట్టుకుపోతే ఏం చేస్తావు?" అనేది. జెర్విన్ కేసు వచ్చిన వానాకాలంలోనూ ఆ నమ్మకం పోలేదు కానీ, ఆ మాట పైకి అనడం తగ్గించింది.

జెర్విన్ చేపల పడవ మీద పనివాడు. రొట్టెల కొట్టులో పనిచేసే లినెట్, ఇరవై రెండేళ్ల పిల్ల, తన గదిలోకి చొరబడి బలాత్కారం చేశాడని అతని మీద ఫిర్యాదు ఇచ్చింది. ఆ నేరానికి బెయిలు దొరకడం గగనం. రుజువైతే జుట్టు నెరిసేదాకా జైలే.

"మేం ప్రేమించుకున్నాం మేడమ్," అన్నాడు జెర్విన్ జైలు గదిలో.

"అది చాలదు. ప్రేమించిన మనిషైనా వద్దంటే వద్దనే. కోర్టు చూసేది ఆ పూట ఆమె ఒప్పుకుందా లేదా అని. వద్దందా?"

జెర్విన్ తన గోళ్ల వంక చూసుకున్నాడు. "అంత గట్టిగా అనలేదు."

ఫ్లోర్ పెన్నుకు మూత పెట్టింది. పైన రేకుల మీద వాన ఒకటే మోత.

"విను. నువ్వు చెప్పింది నాతోనే ఉంటుంది. రుజువు చేయాల్సింది అవతలివాళ్లు. వాళ్ల సాక్ష్యంలో ప్రతి అతుకూ లాగి చూస్తాను. నువ్వు బోనెక్కకుండా ఊరుకోవచ్చు, అది నీ హక్కు. ఎక్కి అబద్ధమాడతానంటే మాత్రం నేను సాయపడను."

"మా మామయ్య వేరే దారి చూస్తున్నాడులెండి."

అతని గొంతులో బెంగ లేకపోవడమే ఆమెకు గుబులు పుట్టించింది.

ఆ మామయ్య ఎపిఫానియో, వాళ్ల పేటకు ఎన్నికైన పెద్ద; అక్కడ అలాంటివాణ్ని కెప్టెన్ అంటారు. ఎవరిమీదా గొంతెత్తడు. కొన్నాళ్లకే లినెట్ తండ్రి వలలు ఎవరో కోసేశారని తెలిసింది. ఆ తర్వాత ఆయన పడవ ఇంజను మాయమైంది. పోలీసుల దగ్గరికి వెళ్లమంటే ఆయన తల అడ్డంగా ఊపాడట.

ఒక మధ్యాహ్నం కెప్టెన్, జెర్విన్ తల్లి ఉర్బానా కలిసి ఫ్లోర్ ఆఫీసుకు వచ్చారు. వాళ్ల మధ్య లినెట్ ఉంది. కొత్త గౌను, ఇంకా దుకాణం మడత పోలేదు. ఆమె మణికట్టు ఉర్బానా చేతిలో ఉంది.

"పిల్లలు రాజీ పడ్డారు అటార్నీ," అన్నాడు కెప్టెన్. "పెళ్లి చేసేస్తే కేసు పోతుందటగా."

అలాంటి చట్టం ఉన్నమాట నిజమే. ఆ మాట ఎవరైనా అడుగుతారని ఫ్లోర్ ఎప్పటినుంచో భయపడుతూనే ఉంది.

"ఈ అమ్మాయి నోటితో వినాలి."

"సిగ్గు పడుతోంది."

లినెట్ నేల వంకే చూస్తోంది. ఫ్లోర్ ఆమె వకీలు కాదు. 'ఒప్పుకోకు' అని చెప్పే హక్కు తనకు లేదు. తను చేయగలిగింది ఒక్కటే ఉంది.

"చట్టం ఒప్పుకునేది చెల్లే పెళ్లిని, కెప్టెన్. భయపెట్టి చేసింది చెల్లదు. అది బయటపడితే జెర్విన్ ఇంకా మునుగుతాడు. అతని వకీలుగా నేను ఆ ప్రమాదం తేలేను. ప్రాసిక్యూటర్ని పిలిపిస్తాను. జడ్జి గారు ఈమెను ఒంటరిగా అడుగుతారు."

జడ్జి గదిలో లినెట్ చాలాసేపు ఉంది. ఒకే ఒక మాట చెప్పిందట, వద్దని. బయటికి వచ్చాక ప్రాసిక్యూటర్ ఆమెను వెనక గుమ్మం గుండా పంపించేశాడు.

ఉర్బానా ఫ్లోర్ దారికి అడ్డం నిలబడింది. "నువ్వు మా వైపా, దాని వైపా?"

"మీ వైపే నానాయ్," అంది ఫ్లోర్, పెద్దావిణ్ని అమ్మా అని పిలిచినట్టు.

ఆ జవాబులో అబద్ధం లేదు. విచారణ రోజున ఫ్లోరే లేచి లినెట్‌ను ప్రశ్నించింది. పాత స్నేహాల గురించి, నడవడి గురించి అడగలేదు. చట్టం అడగనివ్వదు, ఆమెకూ ఇష్టం లేదు. గదిలో వెలుతురెంత, తలుపు గడియ ఎటువైపు, పక్కగదివాళ్లు ఎందుకు వినలేదు, ఫిర్యాదుకు ఎందుకు ఆలస్యమైంది అని మాత్రం వదలకుండా అడిగింది. లినెట్ ఏ మాటా మార్చలేదు. ఒకచోట ఆగి, "నేను చెప్పేది మీరు నమ్మడం లేదా?" అని అడిగింది. ఫ్లోర్ తర్వాతి ప్రశ్న అడిగింది. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం కెలికి వదిలేసింది.

జెర్విన్ బోనెక్కలేదు. నేరం రుజువైందని జడ్జి తీర్పు చదివాడు. ఉర్బానా ఏడవలేదు, కొడుకు చొక్కా కాలరు సర్దింది.

వరండాలో కెప్టెన్ ఫ్లోర్‌తో పాటు నడిచాడు. "బాగా వాదించారు. ఒక్క సందేహం అటార్నీ. శిక్ష పడ్డాక పెళ్లి చేసుకున్నా శిక్ష పోతుందట కదా?"

ఆమె అడుగు ఆగింది. కాదనాలనిపించింది. "పోతుంది," అంది. "ఆమె ఇష్టపడి చేసుకుంటేనే."

"ఇష్టపడేలా చూసుకోవడం మా పని. ఆ పిల్ల ఊళ్లో లేదట. ఎక్కడికి వెళ్లిందంటారు?"

"నాకు తెలియదు. తెలిసినా చెప్పను."

ఆయన నవ్వి మెట్లు దిగిపోయాడు. ఫ్లోర్ నేరుగా ప్రాసిక్యూటర్ గదికి వెళ్లింది.

"లినెట్ ఇప్పుడుంటున్న చోటు కేసు కాగితాల్లో ఉందా?"

"ఉంది. ఏం?"

"ఇవాళే తీయించండి. కెప్టెన్ అడుగుతున్నాడు."

ఆయన ముఖం పాలిపోయింది. "రెండు రోజుల కిందట ఎవరో వచ్చి ఫైలు చూసి వెళ్లారని గుమస్తా అన్నాడు."

ఆయన ఫోను అందుకున్నాడు. అవతల మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. చివరికి సాయంత్రం లినెట్ గొంతు వినబడింది. ఆ రాత్రే ఆమెను మరో దీవికి మార్చారు. ఎక్కడికని ఫ్లోర్ అడగలేదు. తన బల్ల దగ్గరికి వచ్చి జెర్విన్ తరఫున అప్పీలు రాయడం మొదలుపెట్టింది.

అప్పీలు ఇంకా నడుస్తోంది. కోర్టులో ఎదురైనప్పుడల్లా కెప్టెన్ టోపీ తీసి పలకరిస్తాడు. ఇంట్లో అందరూ కులాసానా అని అడుగుతాడు, ఆమె చెల్లెలి కొడుకును పేరుపెట్టి మరీ.