పరీక్షకు ముందు పథ్యం

ఈ ఉదయం చిలకలగూడలో షుగర్ పరీక్షకు చెయ్యి చాపి కూర్చున్నాక గుర్తొచ్చింది, మూడు రోజులుగా నేను అన్నం జోలికే పోలేదని. ఎవరూ చెప్పలేదు. రిపోర్టు బాగా రావాలని నా కడుపు నేనే మాడ్చుకున్నాను. ఈ విద్య మా అత్తమ్మది. ఆమెకు ఏళ్ల తరబడి షుగర్. అప్పట్లో పరీక్ష ఉందంటే రెండు రోజుల ముందు నుంచి జొన్నరొట్టె, మజ్జిగతో సరిపెట్టేది. నంబరు చూసి డాక్టరు మెచ్చుకుంటే, తిరిగొచ్చే దారిలోనే మిఠాయి దుకాణం ముందు ఆటో ఆపించేది. మేమంతా నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు మా కుక్క విషయంలో ఆగిపోయింది.

వాడికి పదకొండో ఏట షుగర్ వచ్చింది. అప్పటికే కిడ్నీలు సగం పాడయ్యాయి. తర్వాత కళ్లకు తెల్లటి పొర కమ్మి చూపూ పోయింది. సీతాఫల్‌మండిలోని మా ఇంట్లో గోడలకు రాసుకుంటూ నడిచేవాడు గాని, అత్తమ్మ వంటింట్లో ఉంటే ఎక్కడా తగలకుండా నేరుగా ఆమె కాళ్ల దగ్గరికి చేరేవాడు. రెండు పూటలా తిండి పెట్టడం ఆమె పని. గిన్నె ఖాళీ అయ్యాక ఇన్సులిన్ సూది వేయడం నా పని. ఒక రోజంతా రెండేసి గంటలకోసారి చెవి అంచున రక్తపు చుక్క తీసి, మీటరులో చూసి రాయమన్నారు సైనిక్‌పురిలో వాణ్ని చూసే పశువుల డాక్టరు. ఆ నంబర్లను బట్టి ఇన్సులిన్ పెంచాలో తగ్గించాలో చెబుతానన్నారు.

ఆ రోజు పదిన్నరకు, రెండో చుక్క కోసం చెవి పట్టుకుంటే వాడి తల నా చేతిలో వణికింది. కాళ్లు తన్నుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. మీటరులో నలభై ఒకటి, షుగర్ మరీ పడిపోయింది. ఇక దక్కడేమోనని భయమేసింది. డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు పెదవి లోపల తేనె రాస్తూ, "తిన్నడు గద, ఎందుకిట్లయింది?" అని అరిచాను. అత్తమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"పూరా పెట్టలె బిడ్డా. మొన్నటి సంది సగమే పెడుతున్న. నంబర్ మంచిగ రావాలె గద. ఎక్కువొస్తే సూది ఇంకింత పెంచుతరు, వానికి ఇంకెంత తక్లీఫో అని..."

గిన్నె ఖాళీగా ఉంది కదా అని నేనేమో పూర్తి మోతాదు వేశాను. ఆమె మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. గిన్నె చూశానే గాని అందులో ఎంత పడిందో చూడని నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. అరగంటకు వాడు తల ఎత్తాడు. సైనిక్‌పురికి తీసుకెళితే డాక్టరు తిట్టలేదు. "రోజూ ఎట్లుంటడో ఆ కుక్క నంబర్లు కావాలమ్మా నాకు. పరీక్ష కోసం ఉపాసమున్న కుక్కవి కాదు" అన్నారు. అత్తమ్మ తల వంచుకుంది.

వాడు ఆ తర్వాత నాలుగు నెలలు బతికాడు. షుగర్ మళ్లీ అంత భయపెట్టలేదు, కిడ్నీలే తీసుకుపోయాయి. ఆ నాలుగు నెలలూ ఆమె ప్రతి ముద్దా కొలిచి, నాకు చూపించి మరీ పెట్టింది. ఇప్పుడు వాడి మాట వస్తే మాత్రం ఆ నాలుగు నెలల ఊసే ఎత్తదు. "కండ్లు కనవడకున్నా నా కాళ్లకాడికే వచ్చి ఇంకింత అడిగిండు. నేను గిన్నె తీసి పైన పెట్టిన" అంటుంది. నాలుగు నెలలు ఎటు పోయాయో తెలియదు గాని, ఆ రెండు రోజులు మా ఇంట్లో ఇంకా గడవలేదు.